గోడలో దాగిన వేసవి

పొద్దున్నే మల్సున్ పొయ్యిలో నాలుగు పైన్ పుల్లలు రాజేసేది. అన్నం ఉడికేలోగా ఆ వేడి నేల కింది దారుల్లోంచి గదిలోకి పాకేది. ఎనభై ఏళ్ళ అత్తగారు మోకాళ్ళు చాపుకుని, "ఇక లేస్తానే" అనేది. పాత సిమెంటు ఇంట్లో చలికాలం నాలుగు నెలలూ ఆవిడ పక్క మీంచి లేచేదే కాదు.

అందుకే భర్త పోయిన మూడో ఏడు మల్సున్ ఆ ఇల్లు పడగొట్టించి మట్టిల్లు కట్టుకుంది. హాన్‌గోల్ కొండ ఊళ్ళో అందరూ నవ్వారు. "యాభై దాటాక బురదలో ఆటలేంటి వదినా?" అంది పక్కింటి జోమ్రే. వాలులో తవ్విన పసుపు మట్టి, సొంత పొలంలోని గడ్డి, పాత పశువుల కొట్టం దూలాలు. కొన్నదల్లా మేకులూ, కిటికీ అద్దాలే.

కట్టింది చున్‌బే మేస్త్రి. అరవైకి దగ్గరపడ్డ ఒంటరి మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. వేసవి ఎండ గడప దగ్గరే ఆగాలి, చలికాలపు ఎండ గది చివరిదాకా రావాలి అంటూ, చూరు కొలత కోసం రోజుల తరబడి నీడలు చూశాడు. గోడలు మూరెడు మందం పెట్టాడు. మందపు గోడ వేసవిని దాచుకుని చలికాలంలో తిరిగిస్తుందన్నాడు.

ఇచ్చింది. డిసెంబరులో పడమటి గోడ వెచ్చబడి, జూన్ నాటి కప్పల అరుపుల్ని కూడా బయటికి వదిలింది. తర్వాత కీచురాళ్ళు, ఓ రోజు జోరువాన. నవ్వినవాళ్ళే చిలగడదుంపలు పట్టుకొచ్చి గోడకి వీపులానించి కూర్చునేవారు. "ఇవాళ కప్పలు మరీ గోల. ఉత్తరపు గోడకి జరుగు" అనేది జోమ్రే. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

జనవరి చివర్లో ఓ మధ్యాహ్నం చున్‌బే సంచీతో వచ్చాడు. మట్టిళ్ళు కట్టించుకునేవాళ్ళు లేక, బుసాన్ నగరంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. మూడింటికి బస్సు.

"గోడలకి పగుళ్ళేమైనా వచ్చాయా?"

"రాలేదండీ" అంది మల్సున్, దుంపలు ముందుపెడుతూ.

"కప్పు కారుతోందా?"

"చుక్క కూడా లేదు."

"అయితే సరే" అన్నాడు దిగులుగా, ఉత్తరపు గోడకి ఆనుకుని.

ఒక్కో గోడ ఒక్కో వేగంతో వేసవిని వదులుతోంది; ఉత్తరపుది అప్పటికి జూలై చివరికొచ్చింది. ముందు తడిమట్టిని మెత్తుతున్న చప్పుడు. వెనకే చున్‌బే గొంతు, తనలో తాను గొణుక్కుంటూ: "ఇల్లు ఎల్లుండికి అయిపోతుంది. ఆ తర్వాత ఏ వంకతో ఈ గుమ్మం ఎక్కాలి? ఆవిడ పోసే బార్లీ నీళ్ళు లేకపోతే పొద్దెలా పోతుంది?"

చున్‌బే చెవులు ఎర్రబడ్డాయి. దుంప పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మల్సున్ పక్కనే కూర్చున్న అత్తగారి వైపు చూడలేక నేల చూసింది. కొడుకు పోయినా తను ఆవిడ కోడలిగానే ఉండిపోయింది కదా, ఇప్పుడావిడ ఏమంటుందో!

అత్తగారు ఇంకో దుంప తొక్క తీసి చున్‌బే ముందుకి జరిపింది. "చల్లారుతోంది, తిను మేస్త్రీ. ఈ పిల్ల నన్ను చూసుకుంటోంది, దీన్ని చూసేదెవరని నేనూ రోజూ ఈ గోడలకే చెప్పుకుంటున్నా."

కింద మలుపులో బస్సు హారన్ కొట్టింది. చున్‌బే సంచీ అందుకుని లేవబోయాడు.

"తూర్పు గోడ మెత్తింది నేనొక్కదాన్నే" అంది మల్సున్, తల ఎత్తకుండా. "అది ఇంకా జూన్‌లోనే ఉంది. నాలుగు రోజులు ఆగండి."

చున్‌బే కూర్చున్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

తూర్పు గోడ ఏమందో ఆ ముగ్గురికే తెలుసు. మార్చిలో నేల మెత్తబడగానే ఇంటికి దక్షిణాన ఇంకో గది లేచింది. మల్సున్, చున్‌బే కలిసి మట్టి తొక్కారు, కలిసి గోడలు మెత్తారు. మెత్తినన్నాళ్ళూ ఇద్దరూ పెదవి విప్పలేదు. చలికాలం రాగానే ఊరంతా వచ్చి ఆ గోడలకి వీపులానిస్తుందని వాళ్ళకి తెలుసు.