ఓడకి వేయని చెయ్యి

పడవల మేస్త్రికి సంతకం ఆలస్యంగా వచ్చింది. అక్షరాలు నేర్చుకునేసరికి ముప్పై అయిదేళ్ళు దాటాయి. అప్పటికే ఆయన చేతి గుర్తు రేవంతటికీ తెలుసు. పడవ పూర్తయ్యాక నీళ్ళలోకి దించి, రోజంతా అందులో కూర్చుని, ప్రతి పలక సందునీ వేళ్ళతో తడిమేవాడు. ఎక్కడా చెమ్మ తగలకపోతే అప్పుడు అరచేతికి తారు రాసుకుని లోపలి పలక మీద ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ గుర్తు ఉన్న పడవలో తల్లులు పిల్లల్ని ఎక్కించేసి నిశ్చింతగా ఇంటికెళ్ళిపోయేవాళ్ళు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. వయసులో ఉన్నప్పుడు ఒక యజమాని పట్టుబడితే, మామూలు పడవకి రెండింతలు పొడుగున్నది కట్టాడు. కూడదని లోపల తెలుసు. పైకి అనడానికి నోరు రాలేదు. మూడో ప్రయాణంలో కెరటం సరిగ్గా మధ్యలో లేచింది. రెండు కొసలూ కిందికి వాలాయి, పడవ నడుం విరిగింది. అందరూ ఈదుకుంటూ ఒడ్డెక్కారు, అదీ అదృష్టం. ఆ రోజు పడ్డ సిగ్గు ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు.

అలాంటి చేతి గుర్తుని పాస్టరు గారు అడిగారు.

మందిరం పక్క గదిలో, బైబిల్లోని ప్రళయం ఓడకి ఆరడుగుల నమూనా ఉంది. సంఘం కుర్రాళ్ళు నెల్లాళ్ళు కష్టపడి చేశారు. మూడు వందల మూరల పొడవుని అంగుళాల్లోకి దించి, మూడు అంతస్తులు పెట్టి, పైన కిటికీ కూడా అమర్చారు. పక్కన పలక మీద అందంగా రాసి ఉంది: "ఈ కొలతలతో కట్టిన ఓడ జలప్రళయాన్ని తట్టుకుంటుందని మన మేస్త్రి గారి హామీ." కింద అరచెయ్యి పట్టేంత ఖాళీ వదిలారు.

"బాప్తిస్మం తొట్టిలో వేసి చూశాం. హాయిగా తేలింది" అన్నారు పాస్టరు గారు మురిసిపోతూ.

"అగ్గిపెట్టె కూడా తేలుతుంది అయ్యగారూ."

"అదేంటి మేస్త్రి గారూ, అలా అంటారు?"

"చిన్నది తేలుతుంది. అదే మూడు వందల మూరలు చెక్కతో కడితే కెరటం మీద నడుం ఆగదు. సందులు విచ్చుకుంటాయి. నా కళ్ళతో చూశాను. దీనికి చెయ్యి వెయ్యలేను."

పాస్టరు గారి మొహం వాడిపోయింది. చెడ్డ మనిషి కాదాయన. నిద్రలో కూడా సంఘం గురించే బెంగపడే రకం. "పోయినేడు ఈ మందిరంలో నలభైమంది పడుచువాళ్ళుండేవాళ్ళు. ఇప్పుడు తొమ్మిదిమంది. ప్రళయం అబద్ధమని మీ అమ్మాయి రేవులో అనే మాటలు విని కుర్రాళ్ళు నా మొహం మీదే నవ్వుతున్నారు. మీ చెయ్యి పడితే అందరి నోళ్ళూ మూతబడతాయి. అయినా, ఓడని మీరు నమ్మరా?"

"నమ్ముతాను."

"మరింకేం?"

"దేవుడు నిలబెట్టాడని నమ్ముతాను. వడ్రంగం నిలబెట్టిందని చెప్పమంటే చెప్పలేను. ఆయన పనికి నా హామీ ఎందుకండీ?"

పాస్టరు గారు ఓడ కప్పు సర్దారు. తర్వాత మెల్లగానే అన్నారు. "సందేహం ఉన్న మనిషి వాక్యం చదవడం బాగుండదు. ఈ ఆదివారం ప్రళయం అధ్యాయమే. ఆలోగా చెయ్యి వేస్తే మీరే చదవండి. లేకపోతే మీ బావమరిది చదువుతాడు."

ఇరవై రెండేళ్ళుగా ఆదివారం వాక్యం చదివేది మేస్త్రే. అక్షరాలు నేర్పింది భార్య, ఆ గ్రంథం మీదే, ఆయన మొద్దు వేలు పట్టుకుని అక్షరం అక్షరం జరుపుతూ. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. బల్ల దగ్గర నిలబడి చదువుతున్నంతసేపూ ఆవిడ పక్కనే ఉన్నట్టుండేది. వారానికి ఆ పావుగంట కోసమే ఆయన మిగతా వారమంతా నెట్టుకొచ్చేవాడు.

ఇంట్లో కూతురి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆమెది నదీ జలాల ఆఫీసులో పని. నది అడుగుకి ఇనప గొట్టం దించి, మట్టిని పొడుగ్గా పైకి లాగి, ఏ పొర ఏ వరదదో చెబుతుంది. తండ్రీ కూతుళ్ళకి భోజనాల దగ్గర ప్రళయం లేకపోతే ముద్ద దిగదు.

"నాన్నా, నువ్వు బంగారం! ఇన్నాళ్ళకి దారిలోకొచ్చావు."

"ఎవరే దారిలోకొచ్చింది? నువ్వు గొట్టం దించిన చోట దేవుడు కనబడలేదని నేను మానేస్తానా?"

"దేవుడి సంగతి కాదు, నీళ్ళ సంగతి అడుగుతున్నా. భూమంతా మునిగితే ఎక్కడ తీసినా ఒకే పొర తగలాలి. పద్దెనిమిది చోట్ల తీశాం. వరదలు బోలెడున్నాయి, ఒక్కోటీ ఒక్కో కాలానిది. అన్నిటినీ ఒకేసారి కప్పింది ఒక్కటీ లేదు."

"పద్దెనిమిది చోట్లకే లోకమంతా చూసేశావా?"

"లోకమంతా తీసి చూస్తూనే ఉన్నారు నాన్నా. పోనీ, అన్ని నీళ్ళూ ఎక్కడికి పోయాయో చెప్పు."

"తెచ్చినవాడికి తీసుకెళ్ళడం రాదా?"

"అదిగో! జవాబు లేనప్పుడల్లా ఆయన్ని పిలుస్తావు." కూతురు కంచం పక్కకి జరిపింది. "సరే, ఓడ ఎక్కని పసిపిల్లల మాటేంటి? వాళ్ళేం పాపం చేశారు?"

ఆ చోటికి వచ్చేసరికి చదివేటప్పుడు కూడా మేస్త్రి గొంతు దిగిపోయేది. "తెలీదమ్మా. నేర్పేటప్పుడు మీ అమ్మ కూడా అక్కడ ఆగిపోయేది" అన్నాడు.

"తెలీదంటున్నావుగా! అదే రాసి చెయ్యి వెయ్యి. ఇదంతా కట్టుకథేనని మేస్త్రే తేల్చాడంటే రేవంతా వింటుంది."

ఆయనకి ఒక్కసారిగా కోపం వచ్చింది. "నువ్వూ నా చెయ్యే అడుగుతున్నావా? పాస్టరు గారు తేలిందని వెయ్యమంటారు, నువ్వు లేనే లేదని వెయ్యమంటావు. నేను కట్టని ఓడ అది. ఎక్కి కూర్చుని సందులు తడమని ఓడ. నమ్మడం నా ఇష్టం. హామీ ఇవ్వడం అలా కాదు, దాన్ని చూసి వేరేవాళ్ళు పిల్లల్ని ఎక్కిస్తారు. మీ ఇద్దరికీ వెయ్యను, పొండి!"

కూతురు కంచాలు తీసింది. వెనక్కి తిరిగి "చదవడం పోతుందిగా నాన్నా" అంది.

"పోతుంది" అన్నాడు.

ఆదివారం ఉదయం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తారు డబ్బా పట్టుకుని మందిరానికి బయలుదేరాడు. కూతురు చెప్పులేసుకుని వెంట నడిచింది. తల్లి పోయినప్పటి నుంచి ఆమె ఆ గుమ్మం తొక్కలేదు. డబ్బా చూడగానే బల్లల మీద గుసగుసలు మొదలయ్యాయి. మేస్త్రి మెత్తబడ్డాడన్నారు. పాస్టరు గారి మొహం వెలిగిపోయింది. ఎదురొచ్చి, ముందు వరసలో పెట్టిన ఓడ దగ్గరకి దారి చూపించారు.

మేస్త్రి అరచేతికి తారు దట్టంగా పట్టించాడు. ఓడ దాకా నడిచాడు. దాన్ని దాటి ఇంకా ముందుకెళ్ళాడు. వాక్యం చదివే బల్ల ముందు ఆగి, ఏటవాలు పలక నడిమధ్యన ఫెడీమని చెయ్యి వేశాడు.

"ఇదేం పని మేస్త్రి గారూ!" పాస్టరు గారు దాదాపు అరిచారు.

"ఈ బల్ల నేను కట్టాను. ఇరవై రెండేళ్ళు ఆనుకుని నిలబడ్డాను. ఒక్క రోజూ ఊగలేదు. దీనికి నా హామీ." ఓడ వైపు తిరిగాడు. "ఓడకి దేవుడున్నాడు అయ్యగారూ. నేను చేసినదానికే నేను పూచీ."

అందరి కళ్ళూ వెంట వస్తుండగా వెనక్కి నడిచి, ఆఖరి వరసలో కూతురి పక్కన కూర్చున్నాడు.

బావమరిది గ్రంథం పట్టుకుని పైకెళ్ళాడు. పాపం, దర్జీ పని చేసుకునే బక్క మనిషి. తారు పచ్చిగా ఉంది, గ్రంథం దాని మీద పెట్టడానికి లేదు. రెండు చేతులా ఎత్తి పట్టుకుని మొదలుపెట్టాడు. జంతువులు ఓడలోకి ఎక్కాయి, తలుపు మూసుకుంది, వాన మొదలైంది. పేజీ తిప్పబోతే గ్రంథం ఒరిగింది, వరస తప్పింది. వెతుక్కున్నాడు. దొరకలేదు.

సరిగ్గా ఆ వరస నుంచి ఆఖరి బల్ల దగ్గర ఒక గొంతు అందుకుంది. మేస్త్రి లేచి నిలబడ్డాడు. చేతిలో ఏమీ లేదు. నీళ్ళు ఎంత ఎత్తు లేచాయో, ఏ కొండలు మునిగాయో పొల్లు పోకుండా చెబుతున్నాడు. పాస్టరు గారు చెయ్యెత్తారు, ఆపమనడానికే. తొమ్మిదిమంది పడుచువాళ్ళూ వెనక్కి తిరిగి వింటున్నారు. ఎత్తిన చెయ్యి దించేశారు.

ఊపిరున్నవన్నీ పోయిన చోటికి వచ్చాడు మేస్త్రి. గొంతు దిగిపోయింది. ఆగాడు.

ఆ కథలో ఒక్క ముక్క కూడా నమ్మని కూతురు, తారంటిన ఆయన చేతిని గట్టిగా పట్టుకుంది.

"చదువు నాన్నా."

ఆయన చదివాడు. నీళ్ళు తగ్గి నేల కనబడేదాకా ఆపలేదు.