లోబో పెళ్ళాం

సతూరియో అన్న పేరు చర్చి పుస్తకంలో తప్ప ఇంకెక్కడా బతకలేదు. వాల్దెరోబ్లా అనే కొండ ఊళ్ళో అతన్ని అందరూ లోబో అనే పిలిచేవారు. లోబో అంటే వాళ్ళ భాషలో తోడేలు. పెళ్ళికి ముందు ఏడాది గొర్రెల దొడ్డిలోకి తోడేలు దూరితే, లోపలికి వెళ్ళి తలుపు మూసుకుని కత్తితో పొడిచి చంపాడు. బయటికొచ్చేసరికి ఒళ్ళంతా రక్తం, అందులో సగం అతనిదే. ఆనాటినుంచి ఆ పేరు చర్మంలా అతుక్కుపోయింది. అతని పెళ్ళాం ఓబ్దూలియా తండ్రి కూడా "మా పిల్లని లోబోకిచ్చాం" అని గొప్పగా చెప్పుకున్నాడేగాని, సతూరియోకిచ్చామని ఏనాడూ అనలేదు.

ఆ కొండల్లో తోడేళ్ళని పట్టడమే అతని జీవనం. చిక్కినదాని చర్మం ఒలిచి, గడ్డి కూరి, కంచరగాడిద మీద కట్టి ఊరూరా తిప్పేవాడు. మందలున్న ప్రతి ఇల్లాలూ గుడ్లో, ఉన్నో, దూలానికి వేలాడే చోరిసో అనే ఎండు మాంసంలోంచి ఓ జానెడు ముక్కో తెచ్చి అతని బుట్టలో వేసేది. పిల్లలు భయపడుతూనే తోడేలు తోకని ముట్టుకుని పారిపోయేవారు. ఓబ్దూలియా ఇంటిపట్టునే ఉండేది. మనిషి వాసన పోయేలా ఇనుప ఉచ్చుల్ని ఓక్ బెరడు నీళ్ళలో ఉడకబెట్టడం, వాటి కోరలకి మైనం రాయడం ఆమె పని. ఉచ్చు ఎక్కడ పాతిపెట్టాలో, పైన ఆకులు ఎంత పలచగా చల్లాలో మొగుడు చెబుతుంటే విని విని ఆ విద్య ఆమెకీ పట్టుబడింది.

ఒక శీతాకాలం మొదట్లో, మంచు కప్పేసిన తన ఉచ్చులోనే తను కాలు పెట్టాడు సతూరియో. భోజనాల వేళకి రాలేదని ఓబ్దూలియా వెతుక్కుంటూ వెళ్ళి, గొడ్డలి కామ సందులో పెట్టి ఉచ్చు కోరలు విడదీసి, మనిషిని గాడిద మీద వేసుకొచ్చింది. పుండు కుళ్ళింది. పట్నంనుంచి వచ్చిన డాక్టరు మోకాలి కిందికి తీసేశాడు.

ఆ చలికాలం చెస్ట్‌నట్ కాయలు ఉడకేసి పిల్లలిద్దరికీ పెట్టింది. అవీ అడుగంటాక, ఒకనాడు తెల్లవారుజామున ఉచ్చులు భుజాన వేసుకుని కొండెక్కింది. సతూరియో మంచంమీదనుంచి చూశాడు. వద్దనలేదు.

రెండు వారాల తర్వాత ఒక తోడేలు చిక్కింది. ముందు కాలు ఉచ్చులో ఇరుక్కుని, చుట్టూ మంచంతా గోళ్ళతో గీరేసి, అలసిపోయి పడుకుని ఉంది. ఆమెని చూసి లేవలేదు, పళ్ళు చూపించలేదు. ఊరికే చూసింది. ఓబ్దూలియా గొడ్డలి తిరగేసి నుదుటిమీద కొట్టింది. మొదటి దెబ్బ సరిగ్గా తగల్లేదు. అంతా అయ్యాక బండరాయి పక్కన కూర్చుని, గొడ్డలిని మంచుతో తుడిచింది. తర్వాత దాన్ని ఈడ్చుకుంటూ కొండ దిగింది.

చర్మం గాడిదకెత్తి పక్క ఊరు తీసుకెళ్ళింది. మొదటి ఇంట్లో ఒక ముసలమ్మ తలుపు తీసింది.

"లోబో ఏడే?"

"మంచాన పడ్డాడత్తా. కాలు తీసేశారు."

"అయ్యో, తల్లీ! మరి దీన్నెవరు చంపారు?"

"నేనే."

ముసలమ్మ నవ్వింది. నవ్వు అయ్యాక జాలిపడింది. "ఎక్కడో చచ్చి పడుంటే ఎత్తుకొచ్చుంటావు. ఆకలి ఎంత పనైనా చేయిస్తుందిలే" అని ఒక ఉల్లిపాయ చేతిలో పెట్టి తలుపేసుకుంది. తక్కిన ఇళ్ళలో ఆ ఉల్లిపాయ కూడా రాలలేదు. బావి దగ్గర ఇద్దరు ముగ్గురు మగాళ్ళు మూతులు పైకెత్తి తోడేళ్ళలా ఊళపెట్టారు.

ఇంటికొచ్చి ఖాళీ బుట్ట మూలన పెట్టింది.

"నేను చంపానని చెప్పలేకపోయావా?" అన్నాడు సతూరియో.

"మంచంమీదనుంచి చంపావా?"

"ఉచ్చు నాది. విద్య నాది. నేను నేర్పకపోతే నీకెక్కడిది?"

అదీ నిజమే అనుకుంది ఓబ్దూలియా. చంపింది ఎవరైతేనేం, పిల్లల కడుపు నిండితే చాలు. అంతకంటే ఎక్కువ ఆలోచించే ఓపిక ఆమెకి లేదు.

మరుసటి వారం అదే చర్మంతో, అదే గాడిద మీద, మొగుణ్ణి తాళ్ళతో కట్టి కూర్చోబెట్టి బయల్దేరింది. ఈసారి తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. "ఒంటికాలితోనే చంపాడంటే వాడు మనిషి కాడమ్మా!" అన్నారు. బుట్ట నిండింది. ముసలమ్మ కూడా గుడ్లు తెచ్చి, "పాపం, నీ పెళ్ళాం ఏదేదో వాగింది లోబో, చలికి మతి చెడినట్టుంది" అంది. సతూరియో నవ్వి ఊరుకున్నాడు.

అలా రెండు చలికాలాలు నడిచింది. తోడేలు చిక్కినప్పుడల్లా సతూరియో ఆమెని పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ అడిగేవాడు. ఎటు తిరిగి పడుంది? ఎలా చూసింది? నీకు భయం వేసిందా? ఆమె చెప్పేది. మర్నాడు ఏదో ఊరి వీధిలో, గాడిద పగ్గం పట్టుకుని నిలబడి, ఆ మాటలే అతని నోట మళ్ళీ వినేది. "దాని కళ్ళలోకి చూశాను. అదీ చూసింది. చెయ్యి వణికితే చచ్చానే అనుకున్నా. వణకనివ్వలేదు." తన చెయ్యి వణికిన సంగతి ఆమెకి తెలుసు. అతనికీ తెలుసు. జనం మాత్రం నోళ్ళు తెరుచుకుని వినేవారు.

ఆ రెండో చలికాలంలో గుమెర్సిందో ఆమెని చూశాడు. పెళ్ళీపెటాకులూ లేని గొర్రెలకాపరి. తప్పిపోయిన గొర్రె కోసం పొద్దున్నే కనుమ దగ్గరికి వచ్చి, గొడ్డలి మీద చెయ్యేసి నిలబడిన ఓబ్దూలియానీ, ఆమె కాళ్ళ దగ్గర చచ్చిన తోడేలునీ చూసి బిగుసుకుపోయాడు.

"అమ్మ దీని...! ఇన్నాళ్ళూ నువ్వేనా?"

"కడుపులో దాచుకో గుమెర్సిందో. పిల్లలున్నదాన్ని."

"నా నోరు రాయి అనుకో" అన్నాడు. తోడేలుని ఊరిబయటిదాకా మోసి సాయం చేశాడు కూడా.

నోరు రాయిలాగే ఉంచుకున్నాడు. కాని కొండమీదనుంచి ఇద్దరూ కలిసి దిగడం ఎవరి కంటో పడింది. రేవులో బట్టలుతికే ఆడవాళ్ళు ఆమె రాగానే మాటలాపేసి, ఆమె వెళ్ళగానే అందుకోవడం మొదలుపెట్టారు. తెల్లారకముందే కొండెక్కే ఆడది దేనికెక్కుతుంది? కుంటిమొగుడు ఇంట్లో పడుంటే ఎవడికోసం ఎక్కుతుంది? ఒకామె నీళ్ళు పిండుతూ, ఎవరినీ చూడకుండా, "లోబా" అంది. మగాణ్ణి లోబో అంటే అది మెచ్చుకోలు. అదే మాట లోబా అయి ఆడదాని మీదికి తిరిగితే, అంతకంటే పచ్చి తిట్టు ఆ ఊళ్ళో లేదు.

ఆ ఆదివారం పూజ అయ్యాక, మొగుణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి ఓబ్దూలియా నికనోర్ సారాకొట్టుకి వెళ్ళింది. గుమ్మంలో ఉండగానే లోపలి మాటలు వినిపించాయి.

"ఏరా లోబో, నీ పెళ్ళాం చీకటితోనే కొండెక్కుతోందట? పుట్టగొడుగులకా?"

"ఈ మంచులో పుట్టగొడుగులేంట్రా! ఇంట్లో ఒక్క కాలే ఉంది, రెండు కాళ్ళవాణ్ణి వెతుక్కుంటోంది."

కొట్టంతా గొల్లుమంది. మూల బల్ల దగ్గర గుమెర్సిందో ఉన్నాడు. చూపులన్నీ తనవైపు తిరగ్గానే కప్పులోని వైన్ వంక చూస్తూ కూర్చున్నాడు. అవుననలేదు, కాదనలేదు. పెదవుల చివర మాత్రం సన్నటి నవ్వొకటి దాగింది.

ఓబ్దూలియా మొగుడి వంక చూసింది. ఒక్క మాట చాలు. "అది వెళ్ళేది ఉచ్చుల కోసంరా" అంటే చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయి. సతూరియో ఆమెని చూశాడు, గోడకి వేలాడే తోడేలు తలని చూశాడు. కిందటేడు తను చంపానని చెప్పి నికనోర్‌కి ఇచ్చిన తల అది. అతని మొహం ఎర్రబడి, పాలిపోయి, మళ్ళీ ఎర్రబడింది. చంకకర్ర ఊతంతో లేచి వచ్చి, ఆ కర్రతోనే ఆమె భుజంమీద కొట్టాడు. ఆమె గుమ్మానికి గుద్దుకుంది.

"ఇంటికి నడవ్వే, లోబా" అన్నాడు.

ఇంట్లోకొచ్చాక సతూరియో పొయ్యి ముందు కూలబడ్డాడు.

"ఏం చెయ్యమంటావే? ఆ పేరు కూడా పోతే నాకేం మిగులుతుంది? సగం కాలు."

"మరి నాకేం మిగిల్చావు?"

అతను బూడిద కెలికాడు. ఓబ్దూలియా ఉచ్చులన్నీ తెచ్చి అతని మంచం పైన మేకుకి తగిలించింది. "నీ ఉచ్చులు, నీ పేరు. ఇక నువ్వే వెళ్ళు."

వసంతంలో ఆమె ఇతరుల చేలల్లో కలుపు తీసి, వేసవిలో రై పైరు కోసింది. కూలికి పిలిచిన ఆడవాళ్ళు ఆమెని సాలు చివర, అందరికీ దూరంగా నిలబెట్టారు. ఆమె తాగిన కప్పుని ఇసకేసి తోమారు. అయినా వెళ్ళింది.

ఆ ఏడు మంచు ముందుగా, దట్టంగా పడింది. తోడేళ్ళు కొండ దిగొచ్చాయి. ఒక దొడ్డిలో దూరి తిన్నన్ని తిని, తిననివాటిని కూడా పీకలు కొరికి వదిలేశాయి. ఊరిపెద్ద, కాపర్లు కలిసి సతూరియో ఇంటికొచ్చారు. అందరి వెనక గుమెర్సిందో.

"లోబో, లే. నువ్వుండగా మాకీ గతేంటి?" అన్నాడు ఊరిపెద్ద.

సతూరియో పెళ్ళాం వంక చూశాడు. ఆమె రొట్టెపిండి పిసుకుతోంది, తలెత్తలేదు.

"రేపు వెళ్తా" అన్నాడు.

వాళ్ళు పోయాక గొంతు తగ్గించి, "ఈ ఒక్కసారికి వెళ్ళవే. ఈ మంచులో ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

"సారాకొట్టుకెళ్ళి, అందరూ వినేలా, ఇన్నాళ్ళూ వెళ్ళింది ఓబ్దూలియా అని చెప్పు. తిరిగొచ్చేసరికి నేను కొండమీదుంటా."

"అది తప్ప ఏమైనా అడుగు."

"నాకింకేం వద్దు."

మర్నాడు పొద్దున్న గాడిదని సిద్ధం చెయ్యమన్నాడు. ఆమె జీను కట్టింది, ఉచ్చు ఎత్తి పెట్టింది, అతన్ని పైకెక్కించింది. వెళ్ళకు అన్న మాట నాలుకదాకా వచ్చింది. వంతెన దగ్గర తనే వెనక్కి తిరుగుతాడులే అనుకుంది. "సంచిలో రొట్టె పెట్టాను" అని మాత్రం అంది.

"మధ్యాహ్నానికి వచ్చేస్తా" అన్నాడతను.

మధ్యాహ్నానికి గాడిద ఒక్కటే తిరిగొచ్చింది. ఓబ్దూలియా సాయం కోసం సారాకొట్టుకి పరిగెత్తింది. అందరూ కిటికీలోంచి మంచు వంక చూశారు. గాలి తగ్గాక వెళ్దామన్నాడు ఒకడు. ఇప్పుడెళితే మనల్నే వెతకాల్సొస్తుందన్నాడు ఇంకొకడు. గుమెర్సిందో బూట్ల తాళ్ళు ముడివేసుకుంటూ తల దించుకున్నాడు. ఆమె గాడిదని తోలుకుని ఒక్కతే వెళ్ళింది.

కనుమ దగ్గర, బండకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు సతూరియో. చంకకర్ర రెండు ముక్కలై పక్కనే పడుంది. కనుబొమలమీద మంచు పేరుకుంది. ఇంకా ఊపిరి ఉంది. ఎదురుగా ఉచ్చు పాతిపెట్టి, పైన ఆకులు, ఆకులమీద మంచు, ఎంతో ఒద్దికగా చల్లి ఉన్నాయి.

"ఓబ్దూలీ" అన్నాడు. "బాగానే పెట్టానా?"

ఆమె వంగి చూసింది. కోరల్ని పట్టి ఉంచే కొక్కెం తియ్యడం మర్చిపోయాడు. దానిమీదుగా మందకి మంద నడిచిపోయినా అది మూసుకోదు.

"బాగానే పెట్టావు" అంది.

ఎలాగో గాడిదమీదికి ఎక్కించి, తన శాలువాతో కట్టి, దారిపొడుగునా మాట్లాడుతూనే నడిచింది. పిల్లల సంగతులు, రొట్టె సంగతి, నోటికొచ్చిందల్లా. వంతెన దాటేసరికి అతను వినడం లేదని తెలిసింది. అయినా ఇల్లు వచ్చేదాకా మాటలాపలేదు.

అంత్యక్రియలకి నాలుగు ఊళ్ళ జనం వచ్చారు. ఫాదర్ "సతూరియో" అని చదివినప్పుడు వెనకవాళ్ళు ఎవరని అడిగారు. ఊరివాళ్ళు చందాలేసుకుని సమాధి కర్రమీద పెద్ద అక్షరాలతో లోబో అని చెక్కించారు. ఒంటికాలితో, మంచుతుఫానులో, ఊరికోసం ప్రాణమిచ్చాడన్నారు. ఆడవాళ్ళు ఓబ్దూలియాకి వినబడేలాగే చెప్పుకున్నారు: కుంటివాణ్ణి, జీను కట్టి మరీ మంచులోకి తోలిందట. ఆమె పిల్లల చేతులు పట్టుకుని వాళ్ళ మధ్యనుంచే నడిచి వెళ్ళింది.

తోడేళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి. కొన్నాళ్ళకి గుమెర్సిందో ఒక జున్ను ముద్ద గుడ్డలో చుట్టుకుని ఆమె పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"నేను చూసింది అందరికీ చెప్పేస్తా ఓబ్దూలియా. ఫాదర్ ముందర ప్రమాణం చేసి చెప్తా."

"ఆ రోజు కొట్లో ఎందుకు చెప్పలేదు?"

అతను టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "నువ్వు నాకోసం కొండెక్కుతున్నావని అనుకున్నారు కదా. ఈ ఊళ్ళో ఏ ఆడదాని గురించీ నన్ను కలిపి ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. వినడానికి... బావుండింది."

గొడ్డలి ఓబ్దూలియా చేతికందేంత దూరంలోనే ఉంది. లోపల చిన్నవాడు ఆకలని ఏడుస్తున్నాడు. ఆమె జున్ను అందుకుంది.

"ఇప్పుడు చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తావు? చెప్పాల్సినవాడు మట్టిలో ఉన్నాడు."

"మరి... మందలు? వెళ్తావా?"

"వెళ్తా. పిల్లలు తినాలిగా. చర్మం మాత్రం సంతలో అమ్ముకుంటా. గడపగడపకీ తిప్పను."

"ఎవరు చంపారని అడిగితే ఏం చెప్పను?"

"ఎవరూ అడగరులే" అంది ఓబ్దూలియా. "పోతూ పోతూ ఆ తడిక వేసెళ్ళు. కోళ్ళు బయటికి పోతాయి."