వెనక్కి తన్నిన కిక్కు

ట్రాలీ ఆటోలో తాళ్లతో కట్టేసిన పాత బుల్లెట్ మట్టెవాడలోని తమ షెడ్డు ముందు ఆగేసరికి పద్మలతకు అరికాలి మంట నెత్తికెక్కింది. బండి వచ్చినందుకు కాదు. దాని వెంట వచ్చిన యాకయ్య ఆమె మొహమైనా చూడకుండా, మూల కుర్చీలో కూర్చున్న ఆమె తండ్రి వెంకటరాజంతో మాట మొదలుపెట్టినందుకు.

"కాకా, మా తమ్ముడు కట్టయ్య కాలిరిగింది. కిక్కు కొడితే ఎనకకు తన్నింది. దవాఖానల పన్నడు. నీ పేరు చూసి ములుగు కాడికెల్లి బండి పంపితే ఆడిపిల్లతోని చేపిస్తవా?"

పక్క పంక్చర్ షాపు ఎల్లస్వామి చేతిలో ట్యూబుతోనే వచ్చి నిలబడ్డాడు. మూతి బిగించుకున్నాడు గాని కళ్లు నవ్వుతున్నాయి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. పద్మలతకు ఏడుపు రాలేదు. పానా పెట్టి ఆ నవ్వును విప్పేయాలనిపించింది.

తండ్రి చేతులు వణకడం మొదలై, షెడ్డు ఆమె చేతికొచ్చి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో బాగుపడిన ప్రతి బండీ వెంకటరాజం హస్తవాసి. మొరాయించిన ప్రతి బండీ ఆడదాని చేయి. పాత బుల్లెట్లు పెట్టుకున్నవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. కాలు విరిగిన మాట నలుగురి నోట్లో పడితే రేపటి నుంచి ఈ గడప తొక్కేవాడుండడు.

"బండి దించు అన్నా," అంది. "నా చెయ్యి తప్పైతే నీ ముంగటనే ఒప్పుకుంట. ఈ పనే ఇడిసిపెడ్త."

పదిహేను రోజుల కిందట ఆ డెబ్బై ఎనిమిది మోడల్ బండికి మాడిపోయిన పాయింట్లు తీసి కొత్తవి వేసింది ఆమే. ఇంజను పక్కనున్న చిన్న మూత కింద ఎదురెదురుగా ఆనుకుని ఉండే రెండు లోహపు చుక్కలవి. అవి ఎప్పుడు విడిపోతే అప్పుడే ప్లగ్గులో నిప్పు పుడుతుంది. వాటి మధ్య సందు పెరిగిందా, తొందరపడి విడిపోతాయి. నిప్పు ముందే పుట్టి, పైకొస్తున్న పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. ఆ దెబ్బంతా కిక్కు మీదున్న కాలికే.

మూత విప్పింది. ఇంజను తిప్పి, పాయింట్లు పూర్తిగా విచ్చుకున్న చోట ఆపి, సందులో, మందం కొలిచే గేజి రేకుల్లోంచి పదిహేను నంబరుది పెట్టింది. వదులుగా ఆడింది. ఇరవై పెట్టింది. అదీ ఆడింది. ఇరవై రెండు పట్టింది.

"మరి నీ చెయ్యే గదా," అన్నాడు యాకయ్య వంగి చూసి.

పద్మలత ఇంకా దగ్గరికి వంగి చూసింది. తాను పెట్టింది పదిహేనే. సందు సరిచేసే స్క్రూ తల మీద కొత్త గీతలున్నాయి. ఒకటి కాదు, నాలుగైదు. స్క్రూడ్రైవరు నిలవక జారిన గీతలు. ఆ వణుకు ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"బాపు, నీ పుల్ల తియ్యి."

వెంకటరాజం నేతపని ఇంట్లో పుట్టినవాడు. తండ్రి మగ్గంలో దారాల్ని వరసగా పట్టే అచ్చులోంచి ఊడదీసుకున్న ఉక్కు పుల్లే నలభై ఏళ్లుగా ఆయన గేజి. అదృష్టం బాగుండి దాని మందం సరిగ్గా సరిపోయింది. గేజీలు కొనేది పని రానివాళ్లని ఆయన వాదన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ పుల్ల నెల కిందట మోరీలో పడితే, బావమరిది పవర్‌లూమ్ షెడ్డుకు పోయి ఇంకో అచ్చులోంచి ఇంకోటి ఊడదీసుకొచ్చాడు. బట్ట మారితే అచ్చు మారుతుంది, అచ్చు మారితే పుల్ల మందం మారుతుంది. ఈ సంగతి మగ్గం ఇంటి పసిపిల్లలకు కూడా తెలుసు.

పద్మలత ఆ పుల్ల లాక్కుని పాయింట్ల మధ్య పెట్టింది. కొలిచి కుట్టించినట్టు సరిపోయింది.

"నువ్వు అన్నానికి పోయినప్పుడు జర చూసిన," అన్నాడు వెంకటరాజం. "సందు తక్కువున్నట్టు అనిపిచ్చింది."

"అనిపిచ్చిందా? మనిషి కాలిరిగింది బాపు. నమ్మకం లేకుంటే నా మొఖాన చెప్పాలె. దొంగలెక్క నేను లేనప్పుడు చెయ్యి పెడ్తవా?"

ముసలాయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. "యాకయ్యా, తప్పు నాదే. బిడ్డ మంచిగనే పెట్టింది. నేనే చెడగొట్టిన."

యాకయ్య కళ్లు చెమ్మగిల్లాయి. ముసలాయన భుజం మీద చెయ్యేశాడు.

"చూసినవా ఎల్లన్నా, తండ్రంటే గిట్లుండాలె. బిడ్డ తప్పు తన నెత్తినేసుకుంటాండు."

"దేవుని అసొంటి మనిషి," అన్నాడు ఎల్లస్వామి.

పద్మలతకు ఒళ్లంతా భగ్గుమంది. ఇంతసేపటి కోపం దీని ముందు దిగదుడుపే. నోరు తెరిస్తే బూతులొస్తాయని పళ్లు బిగపట్టి పనిలో పడింది. సందు పదిహేనుకు తెచ్చింది. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో సైకిలు చువ్వ దించి పిస్టన్ ఎక్కడుందో చూసుకుంది. పాయింట్ల మధ్య పల్చటి కాగితం పెట్టి, ఇంజనును మెల్లగా తిప్పుతూ కాగితం లాగింది. పిస్టన్ పై అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఉండగా కాగితం జారింది. అదే కావలసింది. అన్నీ బిగించి, ప్లగ్గు పెట్టి, తన కాలే కిక్కు మీద వేసి తన్నింది. మొదటి కిక్కుకే అందుకుంది. నిదానంగా, ఒక్క దెబ్బ తప్పకుండా ఆడింది.

"ఎక్కు అన్నా," అంది.

యాకయ్య బండి ఆపేశాడు. "ఇప్పుడైతే ఆడుతాంది. రేపు? కాకా, నువ్వొక్కసారి చెయ్యి పెట్టు. నువ్వు చూసినవంటే నాకు ఫికర్ లేదు."

వెంకటరాజం చెయ్యి లేచింది. ఎంత చెప్పినా నలభై ఏళ్ల పొగడ్తకు అలవాటుపడ్డ చెయ్యి. పద్మలత ఆ చేతినే చూస్తూ నిలబడింది. అది గాలిలోనే ఆగి, మెల్లగా దిగింది.

"నేను చెయ్యి పెడితె ఇంకో కాలిరుగుతది," అన్నాడాయన. "నా బిడ్డను నమ్మితె తోలుకపో. నమ్మకుంటె తోసుకపో."

యాకయ్య స్టాండు తీశాడు. వెనకాల ఎల్లస్వామి చెయ్యేశాడు. ఒక్క కిక్కుకు లేచే బండిని ఇద్దరు మగవాళ్లు మిట్టమధ్యాహ్నపు ఎండలో ములుగు రోడ్డు మీదున్న ఇంకో మెకానిక్ దగ్గరికి తోసుకుంటూ కదిలారు.

"పెట్రోల్ కుళాయి బందు పెట్టుకోండ్రి. కారుతది," అని పద్మలత వెనక నుంచి అరిచింది.

యాకయ్య ఆగి, వంగి, ఆమె చెప్పినట్టే కుళాయి కట్టేసి, మళ్లీ తోయడం మొదలుపెట్టాడు.