అక్క ఇచ్చిన కిడ్నీ

ఆసుపత్రి వరండా పొడవునా మరమగ్గాలు నడుస్తున్నాయి, వాళ్ల ఊళ్లో సాంచాలంటారే, అవే, కానీ చప్పుడు లేదు; వాటి నడుమ అక్క భూలక్ష్మి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తనకు కిడ్నీ ఇచ్చిన అక్క నిరుడు గుండెపోటుతో పోయిందని రాజవీరుకు తెలుసు, అయినా ఆమె అక్కడ ఉండటం వింతగా తోచదు, ఆలస్యమైందని తిడుతుందేమోనన్న బెరుకే ఉంది.

"గింత సేపా తమ్మీ? కూసో."

కూర్చుంటాడు. వరండా కాసేపు వాళ్ల పాత ఇంటి అరుగవుతుంది, మళ్లీ వరండా అవుతుంది. చిన్నప్పుడు ముల్లు తీసినట్టే ఆమె అతని కాలు ఒళ్లోకి లాక్కుని లుంగీ పైకి జరుపుతుంది. పిక్క మీద వంకాయ రంగు గడ్డలు. ఎండాకాలంలో ఒక్కటే ఉండేది, ఇప్పుడు గుంపు.

"ఇవేంది?"

"సాంచ తాకింది."

"సాంచ తాకితే గిట్లయితదా? డాక్టరుకు సూపెట్టినవా?"

రాజవీరు తల దించుకుంటాడు. డాక్టరు ముందే చెప్పాడు: కిడ్నీని నిలబెట్టే మందులు ఒంటి కాపలాను నిద్రపుచ్చుతాయి, అదను చూసి లోపల దాగిన వైరస్ లేచి చర్మం మీద కణుతులు పుట్టించవచ్చు, అప్పుడు ఆ మందులే తగ్గించాల్సి రావచ్చు.

"మందులు తగ్గిస్తే నీ కిడ్నీ పోతదేమో అక్కా. నీది గదొక్కటే ఇంక పానంతోని ఉన్నది. దాన్ని గూడ నేనే సంపుకోవాల్నా?"

వెలుతురు పలచబడుతుంది, ఆమె ముఖం ఒకసారి అమ్మ ముఖమై, తిరిగి ఆమెదవుతుంది.

"నేను కడుపు కోయించుకున్నది నిన్ను బతికించుకుందామని. దానికి కావలుండుమని కాదు."

"అది పోతే?"

"ఉంటదో పోతదో నాకేం తెలుసు? నువ్వు పోతే మాత్రం రెండూ పోతయి."

చెయ్యి పట్టుకోబోతాడు. ఆమె కూర్చున్నచోటే కూర్చుని దూరమవుతుంది, ఇంకేదో అంటోంది, అప్పుడే మగ్గాలన్నీ ఒక్కసారిగా మోగడంతో ఆ మాట వినబడదు.

మెలకువ వచ్చేసరికి సాయంత్రపు ఎండ మంచం మీద పడుతోంది. నిద్రలో లుంగీ మోకాలి పైకి జరిగిపోయింది. కాళ్ల దగ్గర కూర్చున్న భార్య సులోచన అతని పిక్కనే చూస్తోంది.

"ఎన్ని దినాల సంది దాస్తున్నవ్?"

లుంగీ కిందికి లాగబోయి ఆగిపోయాడు.

"ఎండాకాలం సంది," అన్నాడు. "పొద్దుగాల దవాఖానకు పోదాం."

ఆమె లేచి బస్సుల సంగతి కనుక్కోవడానికి వెళ్లింది. అతని అరచెయ్యి పొత్తికడుపు మీద, అక్క కిడ్నీ ఉన్నచోట, చాలాసేపు అలాగే ఉండిపోయింది.