తోడు అడిగిన ఊరు

సోమవారం పొద్దున్న పదింటికి షూర్ తాత ఖాళీ సీసా పట్టుకుని బ్రూవరీ గుమ్మంలో నిలబడ్డాడు. ఎనభై రెండేళ్ల మనిషి. రెండు రోజుల కిందటే భార్య పోయింది. కొండల నడుమకి చొచ్చుకొచ్చిన ఆ సముద్రపు పాయని ఫియోర్డు అంటారు. ఆ ఒడ్డున మనిషి పోతే, సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఇంట్లో కాచిన బీరే పొయ్యాలి. కాచాలంటే తోడు కావాలి. మన ఇళ్లల్లో పాలు తోడెయ్యడానికి పక్కింటికి గిన్నె పట్టుకెళ్తాం చూడండి, అక్కడ బీరు తోడుకి సీసా పట్టుకెళ్తారు. అడిగిన మనిషికి లేదనకూడదు. పగవాడైనా సరే, పొయ్యాల్సిందే.

మూడు వారాల కిందట ఓస్లో నుంచి దిగిన మేనేజరు హెన్నింగ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కుదరదండీ. ఈ ఈస్ట్ కంపెనీ ఆస్తి."

"ఆస్తేంటి బాబూ? నేనడిగేది తోడు. మా ఆవిడ కోసం."

"మీ బాధ నాకర్థమైంది. అంగట్లో మన బీరే దొరుకుతుంది కదా, అది పోయండి."

లోపల ఓడ్‌లౌగ్ అప్పటికే గరిటె నింపేసింది. ఆ ట్యాంకు దగ్గర పన్నెండేళ్లుగా ఆమెదే పని. కార్మికుల తరఫున మాట్లాడే ప్రతినిధి కూడా ఆమే. గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. హెన్నింగ్ దాన్ని ఆమె చేతిలోంచి మర్యాదగానే తీసుకున్నాడు, మర్యాదగానే కాలవలో ఒంపేశాడు. పైన ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి గుడ్‌వేయిగ్ అంతా చూసింది. ఆ బ్రూవరీ పెట్టిన మనిషి ఆమె. చూసి తల దించుకుంది. షూర్ తాత సీసాకి మూత పెట్టుకుని, దేనికి పెట్టాడో పాపం, మంచులో ఇంటిదారి పట్టాడు.

ఆ ఊళ్లో అక్టోబరులో కొండ వెనక్కి పోయిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరిలోనే కనిపిస్తాడు. బయటికి పోవాలంటే ఫెర్రీ ఒక్కటే దారి. పాలకేంద్రం మూతపడి, పడుచువాళ్లంతా ఆ ఫెర్రీ ఎక్కిపోతున్న రోజుల్లో గుడ్‌వేయిగ్ ఆ ఖాళీ షెడ్డులో బ్రూవరీ పెట్టింది. అరవై గడపలు తొక్కి అరవై ఇళ్ల తోడు అడిగి తెచ్చింది. తొమ్మిదిమందికి పని దొరికింది. బార్లీ పిప్పి ఊరి ఆవులకు పోయేది. శనివారాలు ఊరి బ్యాండువాళ్లు ట్యాంకుల మధ్య చేరి బాకాలు ఊదుకునేవాళ్లు, వినేవాళ్ల చెవులు చిల్లులు పడేవి, అయినా జనం వచ్చేవాళ్లు. ఊరికి ఊపిరి తిరిగొచ్చిందంటే అక్కడినుంచే.

అప్పుడే ఓడ్‌లౌగ్ ఇంటింటికీ ఓ మాట చెప్పింది. "మీ కింది గదుల్లో పెట్టుకుని పాడుచేసుకోవడమెందుకు? అంతా నా దగ్గరుంటుంది, నేను చూసుకుంటాను. కావాలన్నప్పుడు సీసాతో రండి." అడిగితే దొరికే చోటు ఉన్నాక ఇంట్లో దాచుకునేదెవరు? ఒక్కో ఇంట్లో ఎండబెట్టిన పాత తోడు చచ్చిపోయింది. ఎవరూ దిగులు పడలేదు. తోడు లేదనే మనిషి ఉంటాడని ఆ లోయలో ఎవరికీ తోచలేదు మరి. ఇప్పుడు ఊరందరి తోడూ ఒక్క ట్యాంకులో ఉంది, ఆ ట్యాంకు ఓస్లోవాళ్ల చేతిలో ఉంది. ఆ పాపం తనదేనని ఓడ్‌లౌగ్‌కు ఆ రోజు కాలవలోకి చూస్తున్నప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం హెన్నింగ్ గోడకు కాగితం అంటించాడు. గురువారం రెండు గంటల ఫెర్రీకి లారీ వస్తుంది. ఈస్ట్‌ని డబ్బాల్లో ఓస్లో తీసుకుపోతారు. మిగిలింది కాస్టిక్ సోడాతో కడిగేస్తారు. బ్రూవరీ మూత.

ఓడ్‌లౌగ్ యూనియన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అవతలి మనిషి చాలా నొచ్చుకున్నాడు. ఒప్పందం నడుస్తున్నన్నాళ్లూ సమ్మె చేస్తే చట్టవిరుద్ధం, జాగ్రత్త అన్నాడు. చట్టం ఎవరిదో చెప్పడానికి అతను మొహమాటపడ్డాడు కానీ మనకేం మొహమాటం, అది లారీ పంపేవాళ్లది.

మంగళవారం సాయంత్రం యువజన హాలు నిండిపోయింది. వెనక కుర్చీలో గుడ్‌వేయిగ్ ఒక్కతే కూర్చుంది. పక్క కుర్చీలు రెండూ ఖాళీ.

"నువ్వే అమ్మేశావు మమ్మల్ని" అని ముందు వరసలోంచి ఒక రైతు లేచాడు. "మా అమ్మ తోడు నీకిచ్చింది. దాన్ని పట్టుకెళ్లి వాళ్ల నోట్లో పోశావు."

"పెద్ద ట్యాంకు కావాలని వాళ్లకి వాటా ఇచ్చాను" అంది గుడ్‌వేయిగ్. "కాగితంలో ఒకచోట రాశారు, ట్యాంకులో బతికున్నదంతా కంపెనీది అని. గాలి మీద సంతకం పెట్టమన్నట్టు అనిపించింది. తోడు ఎవరిదైనా ఎలా అవుతుంది? నవ్వుకుని పెట్టేశాను. ఇప్పుడు నేను నోరెత్తినా కోర్టే."

"నోరెత్తకు మరి. నిలబడి చూడ్డానికి బానే ఉందిగా కిటికీ" అన్నాడు రైతు.

హాల్లో కొందరు నవ్వారు. ఆ నవ్వు ఓడ్‌లౌగ్‌కు నచ్చలేదు.

"ఆమెను తిట్టి ఇంటికెళ్లి పడుకుందామా? మీ తోడు చంపుకోమని చెప్పింది నేను. నన్నూ తిట్టండి, ఒకేసారి అయిపోతుంది. గురువారం రెండింటికి మాత్రం లారీ వస్తుంది."

"తాళం చెవి నీ దగ్గరుందిగా" అన్నాడు రైతు. "చడీచప్పుడు లేకుండా వెళ్లి ఓ పీపా ఎత్తుకొద్దాం."

"ఎత్తుకొస్తే అది వాళ్లదని మనమే ఒప్పుకున్నట్టు. పట్టపగలు వెళ్లాలి. ఎప్పుడూ అడిగినట్టే అడగాలి. మేం పోస్తాం."

"సమ్మె కూడదన్నారన్నావు?"

"పదకొండున్నరకి మా భోజనం వేళ. అరగంట. రొట్టె తినకుండా గరిటె పట్టుకుంటే అది సమ్మె కాదు."

"పోలీసులొచ్చి సీసాలు లాక్కుంటారు, అప్పుడో?"

నిజమే, సీసా లాక్కోవడం ఎంతసేపు. ఆ ఇరకాటంలో ప్రార్థన మందిరం బెర్గ్‌యోట్ లేచింది. బ్రూవరీ పెట్టిన రోజు గుమ్మంలో నిలబడి, ఇది నరకానికి మెట్టు అని కరపత్రాలు పంచిన మనిషి.

"సీసాలో ఉంటే కదా లాక్కునేది" అంది. "తెల్లారే అందరూ పొయ్యిలు వెలిగించండి. సీసా ఇంటికొచ్చేసరికి బార్లీ రసం కాగి, చల్లారి, గోరువెచ్చగా ఉండాలి. పీపాలో పడ్డాక ఏం లాక్కుంటారు?"

హాలు హాలంతా ఆమె వైపు తిరిగింది.

"నేను చుక్క ముట్టను. మీరు తాగడం నాకు ససేమిరా ఇష్టం లేదు. కానీ షూర్ భార్య నా పక్కింటి మనిషి. ఆమెకు జరగాల్సింది జరగాలి."

గురువారం తెల్లారకముందే లోయలో ప్రతి ఇంటి నుంచీ పొగ లేచింది. బీరు కాచే నీళ్లలో వేసే జూనిపర్ పొద కొమ్మలు కాగుతున్న వాసన రోడ్డంతా నిండింది. పదకొండున్నరకి తొమ్మిదిమందీ చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టారు. ఓడ్‌లౌగ్‌కు యాభై నాలుగేళ్లు. ఈ వయసులో ఆ ఒడ్డున ఇంకో పని దొరకదు, దొంగ అని పేరు పడ్డాక అసలే దొరకదు. తలుపు తీసింది.

రోడ్డు మలుపు దాకా జనం. చేతుల్లో సీసాలు, జాడీలు, పాల క్యానులు. అందరికన్నా ముందు షూర్ తాత.

"ఓడ్‌లౌగూ, తోడుంటే కాస్త పొయ్యమ్మా."

"ఉంది మావా. పట్టు."

హెన్నింగ్ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు. "ఇది దొంగతనం. మీ అందరి పేర్లూ రాసుకుంటున్నాను."

"రాసుకోండి మేనేజరు గారూ" అంది బెర్గ్‌యోట్ వరసలోంచి. "నా పేరు రాసేటప్పుడు తాగుబోతు అని మాత్రం రాయకండి."

అతను పోలీసులకు ఫోన్ చేశాడు. పోలీసులు అవతలి ఒడ్డున ఉంటారు, లారీ వచ్చే ఫెర్రీకే వాళ్లూ రావాలి. వరస కదులుతూనే ఉంది. గరిటెలు తొమ్మిదీ ఆడుతున్నాయి. చివరికి ఓడ్‌లౌగ్ ముందుకి ఒక జాడీ వచ్చింది. తలెత్తి చూస్తే గుడ్‌వేయిగ్.

"కోర్టుకి లాగుతారు నిన్ను" అంది ఓడ్‌లౌగ్ మెల్లగా.

"లాగనీ. మా ఇంట్లోనూ చచ్చిపోయింది. తోడుంటే కాస్త పొయ్యి."

ఓడ్‌లౌగ్ పోసింది. జాడీ నిండా పోసింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమె వెళ్లడానికి దారిచ్చారు.

రెండింటికి లారీతో పాటు దిగిన పోలీసు టోర్‌ఫిన్ ఆ లోయలో పుట్టినవాడే. ట్యాంకు అడుగున డబ్బాలకు సరిపడా తోడు ఇంకా ఉంది. హెన్నింగ్‌కు అది చాలదట, పోయినదంతా వెనక్కి కావాలట. టోర్‌ఫిన్ మొదటి ఇంటికి వెళ్లి ఖాళీ సీసాతో తిరిగొచ్చాడు.

"పీపాలో పోసేశారు సార్. అందులో కంపెనీది ఎంత, షూర్‌ది ఎంత, నేనెలా విడదీసేది?"

"ఎవరు తెరిచారో వాళ్లను పట్టుకోండి."

"నేనే" అంది ఓడ్‌లౌగ్.

"నేనూ తెరిచాను" అన్నాడొకడు వెనకనుంచి. "నేనూ." తొమ్మిది గొంతులూ అన్నాయి. టోర్‌ఫిన్ ఓడ్‌లౌగ్ వైపు తిరిగాడు.

"తాళం చెవి నీ పేరు మీద ఉంది అక్కా. పద."

మూడున్నరకే చీకటి పడింది. లారీ కన్నా ముందు పోలీసు కారు ఫెర్రీ ఎక్కింది. వెనక సీట్లో ఓడ్‌లౌగ్, ముందు సీట్లో హెన్నింగ్. ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. రేపటినుంచి తిండికేం చెయ్యాలో తెలియదు. బ్రూవరీ పోయింది, అది నిజం.

ఫెర్రీ కట్టు విప్పుతుండగా ఒడ్డున ఒక కేక. మనిషి గుండెలు పగిలేలా అరిచిన కేక. హెన్నింగ్ ఉలిక్కిపడ్డాడు. పక్కింట్లోంచి ఇంకోటి. ఆ పైన ఇంకోటి. తోడు వేసిన రోజు చీకటి పడగానే పీపా మీదకి వంగి బలంకొద్దీ అరవాలి, లేకపోతే బీరు బద్ధకిస్తుందని వాళ్ల నమ్మకం. కేకలు ఇల్లు మారి ఇల్లు కొండవైపు ఎక్కిపోయాయి.

"ఏంటది? ఎవర్నన్నా కొడుతున్నారా?" అన్నాడు హెన్నింగ్.

టోర్‌ఫిన్ వెనక కిటికీ అద్దం దించాడు. ఓడ్‌లౌగ్ కళ్లు తుడుచుకుని, తల బయటికి పెట్టి వింది.

"ఇది ఎప్పటికి ఆగుతుంది?" అని హెన్నింగ్ విసుక్కున్నాడు.

"ఈ రోజుకి ఇంకాసేపట్లో ఆగుతుంది మేనేజరు గారూ" అంది ఆమె. "రేపు ఎదుటి ఒడ్డువాళ్లు సీసాలు పట్టుకుని ఈ ఇళ్లకి వస్తారు. వాళ్లకీ లేదనకూడదు కదా."