సంతాప సభలో పులుసు

పోయినేడు వేరే దేశంలో యుద్ధం మొదలైన వారానికే, మెల్‌బోర్న్ శివారులోని ఆ పురపాలక భవనానికి ఆ దేశపు జెండా రంగుల్లో దీపాలు పెట్టారు. ముందున్న పచ్చికంతా కొవ్వొత్తులే. ఆ శివారులోనే ఉంటున్న కల్తూమా కూడా ఒకటి వెలిగించి, ముక్కూ మొహం తెలియని ఆ జనం కోసం నిజంగానే ఏడ్చింది. వాళ్ళకి నెల తిరక్కుండానే వీసాలు వచ్చాయి. రావాలి కూడా.

ఇప్పుడు ఆమె చెల్లెలు తైబా, పిల్లలతో సహా, వాళ్ళు పుట్టిన డార్ఫూర్‌లో, అంతర్యుద్ధపు ముట్టడిలో చిక్కుకున్న ఊళ్ళో ఉంది. వాళ్ళ వీసాల కోసం తిరిగి తిరిగి కల్తూమాకి చెప్పులరిగాయి.

"జనం గట్టిగా అడిగితే ప్రభుత్వం కదులుతుంది. ఒక సభ పెట్టండి" అని సలహా ఇచ్చింది కౌన్సిలర్ గ్లెనిస్.

"మరి భవనానికి దీపాలు?"

"మీ యుద్ధం కాస్త చిక్కుగా ఉందమ్మా. మంచివాడెవడో, చెడ్డవాడెవడో ఒక్క ముక్కలో తేలాలి. మీ దాంట్లో ఇద్దరూ మీవాళ్ళేనాయె!"

చావాలన్నా కథ సూటిగా ఉండాలని తైబాకి ఎవరూ చెప్పలేదు, పాపం.

దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గరికి మనిషి వస్తే తినకుండా పంపడం కల్తూమా వాళ్ళలో లేదు. ఆ పద్ధతే ఆమె కొంప ముంచింది. సభ రోజు జొన్నపిండితో చేసే అసీదా ముద్దలూ, ఎండబెండకాయ పొడి వేసిన మాంసం పులుసూ పెద్ద పెద్ద గిన్నెలతో పచ్చిక మీదికి మోసుకొచ్చింది. ముందు పెట్టి, తర్వాత మాట్లాడదామనుకుంది. వాసనకి దారిన పోయేవాళ్ళు కూడా చేరారు. కొవ్వొత్తులు పట్టుకోవలసిన చేతుల్లో పళ్ళేలున్నాయి.

"మా చెల్లెలు పశువులకి వేసే వేరుశనగ చెక్క నానబెట్టి పిల్లలకి పెడుతోంది" అంది కల్తూమా మైకులో. ముందు వరసలో ఒకాయన "అయ్యయ్యో" అని, ఇంకాస్త పులుసు వేయించుకున్నాడు.

టీవీ విలేకరి దగ్గరికొచ్చాడు. "ఇంతకీ ఈ గొడవలో మనం ఎవరి పక్షమండీ?"

"ఆకలితో ఉన్నవాళ్ళ పక్షం."

"అలా కాదండీ, చూసేవాళ్ళకి అర్థమయ్యేలా..." అంటూ కెమెరా గిన్నె మీదికి తిప్పించాడు.

సాయంత్రం టీవీలో వచ్చింది, వంటల కార్యక్రమంలో. వెంటనే గ్లెనిస్ ఫోను. "అదరగొట్టేశారు! వచ్చే ఏడు ఆహార పండుగలో మీకో దుకాణం ఖాయం."

"వీసాల మాట ఎవరైనా ఎత్తారా?"

"అందరూ పులుసు గురించే అడుగుతున్నారు మరి!"

మర్నాడు ఎలాగో తైబా ఫోను కలిసింది.

"అక్కా, జనం వచ్చారా?"

"ఇసకేస్తే రాలనంతమంది."

"మా గురించి అడిగారా?"

కల్తూమాకి అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "పులుసులో ఏం వేశావని అడిగారే" అంది.

తైబా పకపకా నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. దగ్గు తగ్గాక మెల్లగా అడిగింది.

"ఏం వేశావక్కా? అన్నీ వరసగా చెప్పు. పిల్లల్ని కూడా పిలుస్తాను, వింటారు."

కల్తూమా ఉల్లిపాయలు తరగడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది.