అయిదు మిల్లీమీటర్ల లోపు

ముందు పారేసినవి చూసింది. రోజూ అంతే. తొమ్మిదిన్నర కాకముందే కుర్చీ ముందుకు లాక్కుని, తను రాసిన నియమాలు పక్కకు నెట్టేసిన కొలతలన్నీ ఒక్కొక్కటీ పైకి జరుపుతూ చదువుతుంది. ఆ పని చేయమని ఎవరూ చెప్పలేదు. అసలు ఆమెను పెట్టుకున్నదే పారేయడానికి.

నదుల మట్టాలు, వానల లెక్కలు, భూమి అదుర్లు, కొండవాలుల కదలికలు ఆ గదికి నిమిషానికి వందల కొద్దీ వచ్చిపడతాయి. ఎక్కడో ఒక పరికరంలో అంకె మారితే చాలు, అది చిన్న కబురై నెట్‌లో బయల్దేరుతుంది. ఆ కబుర్ల వరసనే ఆఫీసులో ఫీడ్ అంటారు. అన్నీ అందరికీ పంపితే ఎవరూ ఏదీ చదవరు. రేవువాళ్లకు అలల ఎత్తు కావాలి, ఆనకట్ట ఇంజనీరుకు ఎగువన పడ్డ వాన కావాలి. ఏది ఏ హద్దు దాటితే ఎవరికి వెళ్లాలో రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా అదే పని. అందరూ జల్లెడక్క అంటారు. ఆమె కూడా పలుకుతుంది.

సన్నటి మనిషి. కళ్లద్దాలు ముక్కు మీదికి జారితే పైకి తోసుకోదు, తలే వెనక్కి వాల్చి చూస్తుంది. ఒకచోట కుదురుగా కూర్చోలేదు. సగం కూడా ఖాళీ కాని నీళ్ల సీసా పట్టుకుని నింపుకోవడానికి లేస్తుంది, కిటికీ దాకా నడుస్తుంది, ఏదో మరిచిపోయినట్టు గబగబా వెనక్కి వస్తుంది.

ఆ ఉదయం పారేసినవాటిలో ఒక కొండవాలు కనబడింది. కొండ కింద బడి ఉంది. బడి వెనక పాతిన పరికరం నిన్న రెండు మిల్లీమీటర్లు కదిలింది. మొన్న మూడు. అంతకుముందు రెండు, ఆ ముందురోజు నాలుగు. రోజుకు అయిదు దాటితేనే కబురు వెళ్తుంది. అక్కడి వాన కూడా తన హద్దుకు కాస్త లోపలే ఉంది. రెండూ వేరువేరు ఫీడ్‌లు కాబట్టి, వేరువేరుగా జారి చెత్తలో పడ్డాయి. ఆమె కాగితం మీద కూడింది. నాలుగు రోజుల్లో పదకొండు.

కొండచరియల విభాగానికి ఫోను చేసింది. తడిస్తే ఆ పరికరం అలాగే తేడా చూపిస్తుందని, అయిదు దాటాక చూద్దామని వాళ్లు చెప్పారు.

అంతలో ఇంటినుంచి వదిన ఫోను. అన్న పోయినప్పటినుంచీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. వారం రోజులుగా ఆడపడుచు ఎడమ చెయ్యి లాగుతోందంటే వదినే డాక్టరు దగ్గర టైము తీసుకుంది. ఈమె చెప్పకుండా ఆఫీసుకు జారుకుంది.

"పదకొండుకి రమ్మన్నాడు. భూమి ఎక్కడికీ పోదులే, నువ్వు రా."

"పోతోంది వదినా. పదకొండు మిల్లీమీటర్లు పోయింది."

"ఎటు?"

"కిందికి."

వదిన టైము నాలుగింటికి మారుస్తానని, అప్పుడూ రాకపోతే తనే వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్తానని చెప్పి పెట్టేసింది.

జల్లెడక్క కొత్త నియమం రాసింది. వాన, కదలిక, రెండూ హద్దు లోపలే ఉన్నా, వరసగా నాలుగు రోజులు రెండూ కలిసి కనబడితే కబురు వెళ్లాలి. దానికి పై అధికారి ఒప్పుకోవాలి. వయసులో చిన్నదైన ఆ మేడమ్‌కు ఈమెమీద గౌరవం ఉంది. కానీ కిందటి వానల్లో హద్దులు సడలించినప్పుడు ఒక్క వారంలో నూట నలభై హెచ్చరికలు వెళ్లాయని, ఒక్కటీ నిజం కాలేదని, విసిగిపోయి రేవువాళ్లు ఫీడే తీసేశారని గుర్తుచేసింది. రేపు నిజంగా ప్రమాదం వస్తే చదివేవాడే ఉండడంది. ఆ మాటా నిజమే. జల్లెడక్క ఒప్పుకుంది. కానీ కదల్లేదు.

"పదకొండేళ్ల కింద ఒక నదిలో మట్టం నలభై నిమిషాలు ఒకే అంకె చూపించింది మేడమ్. అదే అంకె మళ్లీమళ్లీ వస్తే పారేయమని రాశాం. పరికరంలో దుంగ ఇరుక్కుంది. నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి. రేవు దాటిస్తూ పడవాయన పోయాడు."

"అది పరికరం లోపమని రిపోర్టులో ఉంది కదక్కా."

"ఉంది. నియమం మాత్రం నేను రాసిందే."

మేడమ్ ఆమె ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లూ పొద్దున్నే ఆ పారేసిన కొలతలు ఎందుకు తిరగేస్తుందో ఇప్పుడు తెలిసింది.

"ఎంతమందికి వెళ్తుంది?"

"ఒక్కరికి. ఆ బడి హెడ్మాస్టరుకి."

మేడమ్ సంతకం పెట్టింది.

కబురు అందగానే హెడ్మాస్టరు ఫోను చేశాడు. కొండ పడుతుందా అని సూటిగా అడిగాడు. తెలీదంది. మరి పిల్లల పెద్దవాళ్లకు ఏం చెప్పమంటారన్నాడు.

"కొలతలు చూసే మనిషికి భయంగా ఉందని చెప్పండి. ఈ వారం ఆఖరుదాకా వాగు అవతల ఎక్కడైనా కూర్చోబెట్టండి. నాకు మాటివ్వండి."

ఆయన ఇష్టం లేకుండానే ఇచ్చాడు. అరవైరెండు మంది పిల్లల్నీ వాగు అవతలి కలప గోదాములోకి మార్చాడు.

మధ్యాహ్నం వాలు కదల్లేదు. ఒక్క మిల్లీమీటరు కూడా. ఆమె లేచి తిరిగింది, కూర్చుంది, మళ్లీ లేచింది. తెచ్చుకున్న అన్నం రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది. కొండ పడాలని కోరుకుంటున్నానా అని ఒక్క క్షణం తనమీద తనకే అనుమానం వచ్చి సిగ్గుపడింది. మూడింటికి హెడ్మాస్టరు మళ్లీ చేశాడు. గోదాము కప్పు కారుతోందట, పిల్లలు రాసుకోలేకపోతున్నారట, తల్లులు తిడుతున్నారట. ఆమె ఓపిగ్గా అంతా విని, వారం ఆఖరుదాకా అని మళ్లీ చెప్పింది.

మూడున్నర దాటాక వదిన అన్నంత పనీ చేసింది, ఆటో కట్టించుకుని ఆఫీసుకే వచ్చింది. ఆడపడుచు కుర్చీలో తల వెనక్కి వాల్చి తెరవైపు తిరిగి ఉంది. చదువుతోంది కదా, కదిలిస్తే విసుక్కుంటుందని పక్క కుర్చీలో కూర్చుని ఎదురుచూసింది. కొంతసేపటికి తెర దానంతటదే ఆరిపోయింది. ఆమె చెయ్యి కదల్లేదు. అప్పుడు వదిన లేచి భుజం తాకింది.

నలుగురు ఆమెను ఎత్తుకుని కిందికి దించారు. డాక్టరు చూసి, అరగంట ముందే పోయిందన్నాడు.

మూడో రోజు పొద్దున బడినుంచి ఫిర్యాదు ఉత్తరం వచ్చింది. మేడమ్ ఆ కొత్త నియమం తీసేద్దామని తెరిచింది. తీసేయడానికి చెయ్యి రాక మూసేసింది. పదకొండు గంటలు దాటాక వాలు ఒకేసారి ముప్ఫై మిల్లీమీటర్లు జరిగింది. ఆ తర్వాత పరికరంనుంచి ఏ కొలతా రాలేదు.

పన్నెండింటికి హెడ్మాస్టరు ఫోను చేశాడు. మూడు తరగతి గదుల్లో కిటికీల దాకా మట్టి నిండిందని, పిల్లలంతా గోదాములోనే ఉన్నారని, రెండుసార్లు లెక్కపెట్టానని చెప్పాడు. ఆ అక్కగారికి ఒకసారి ఇవ్వమన్నాడు.

మేడమ్ సంగతి చెప్పింది.

"ఇంట్లో ఎవరున్నారండీ?"

"వాళ్ల వదినగారు."

వదినగారి నంబరు రాసుకుని ఆయన పెట్టేశాడు. మేడమ్ వెళ్లి ఆ ఖాళీ కుర్చీ దగ్గర నిలబడింది. ఆవేళ హడావిడిలో ఎవరూ చూడలేదేమో, బల్ల కింద ఆమె చెప్పులు అలాగే ఉన్నాయి. ఎడమ చెప్పు మడమ ఒక పక్కకే అరిగి, నేలకు కాస్త వాలి ఉంది.